ఇంజన్లకు పరీక్ష పెట్టిన హెన్రీ రాయిస్



పరీక్ష అనే మాట మన ఇళ్లలో వారానికి ఒకసారైనా వినిపిస్తుంది. వీక్లీ టెస్ట్, యూనిట్ టెస్ట్, హాఫ్ ఇయర్లీ... ఏదో ఒకటి దగ్గరపడుతూనే ఉంటుంది. ఈ నెల మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి కూడా జీవితమంతా పరీక్షలు పెట్టినవారే. అయితే ఆయన పరీక్ష పెట్టింది ఇంజన్లకు. పేరు హెన్రీ రాయిస్. రోల్స్ రాయిస్ అనే పేరులో రెండో సగం ఆయనదే.

ఆ కారు పేరు వినగానే మనకు మహారాజులు, సినిమా తారలు గుర్తొస్తారు. కానీ ఆ పేరు వెనుక ఉన్న మనిషి బడిలో చదివింది అంతా కలిపి దాదాపు ఒక్క ఏడాది. ఆయన జీవితంలో మనం నేర్చుకోదగ్గవి చాలా ఉన్నాయి. జాగ్రత్తపడాల్సిన విషయం కూడా ఒకటుంది. రెండూ చెబుతాం.

పిండిమర మూతపడింది

హెన్రీ 1863 మార్చి 27న ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో పట్టణం దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టాడు. ఐదుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రి జేమ్స్ పిండిమర నడిపేవాడు. మర నష్టాల్లో పడటంతో బతుకుతెరువు లండన్‌కు మారింది. అక్కడా కుదురుకోలేదు. 1872లో తండ్రి చనిపోయేనాటికి హెన్రీకి 9 ఏళ్లు.

ఊళ్లో ఉన్నప్పుడే పొలాల్లో పిట్టలను తోలి నాలుగు పెన్నీలు సంపాదించిన పిల్లవాడు, లండన్ వీధుల్లో న్యూస్‌పేపర్లు అమ్మాడు. తర్వాత ఇంటింటికీ టెలిగ్రాములు అందించాడు. మీ పిల్లలు నాలుగో తరగతి, ఐదో తరగతి చదివే వయసులో అతను తన తిండి తానే సంపాదించుకుంటున్నాడు.

దగ్గరి బంధువైన ఒక పెద్దావిడ ఆదుకుంది. ఏడాదికి 20 పౌండ్లు కట్టి పీటర్‌బరోలోని గ్రేట్ నార్తర్న్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేర్పించింది. హెన్రీ అద్దెకున్న ఇంటి షెడ్డులో ఒక లేత్ మిషన్ ఉండేది. పగలు రైలింజన్ల దగ్గర పని, సాయంత్రం ఆ షెడ్డులో ఆకురాయి పట్టి ఇనుమును సానబెట్టడం. చేతికి పని అలా వచ్చింది. రాత్రిళ్లు కూర్చుని బీజగణితం, విద్యుత్తు గురించి తనంతట తానే చదువుకున్నాడు.

మూడేళ్లకు ఆ బంధువు దగ్గర డబ్బు అయిపోయింది. అప్రెంటిస్‌షిప్ మధ్యలోనే ఆగింది. ఫీజు కట్టలేక చదువు ఆగడం అంటే ఏమిటో మనలో కొందరికి తెలుసు, మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలుసు. సర్టిఫికెట్ లేని ఆ కుర్రాడు లీడ్స్ నగరంలో పనిముట్లు చేసే చోట చేరాడు. వారానికి 54 గంటలు పని, 11 షిల్లింగుల జీతం. తర్వాత లండన్‌లో ఒక విద్యుత్ కంపెనీలో పని దొరికింది. అది కొత్త రంగం. సర్టిఫికెట్లు అడిగేవాళ్లు తక్కువ, పని వచ్చా అని చూసేవాళ్లు ఎక్కువ. 20 ఏళ్లు నిండకముందే లివర్‌పూల్‌లో వీధి దీపాలు, థియేటర్ దీపాలు వెలిగించే కంపెనీలో ముఖ్య ఎలక్ట్రీషియన్ అయ్యాడు. ఆ కంపెనీ కూడా మూతపడింది.

కుక్ స్ట్రీట్‌లో ఒక వర్క్‌షాప్

1884లో రాయిస్ మాంచెస్టర్ నగరంలోని కుక్ స్ట్రీట్‌లో సొంతంగా వర్క్‌షాప్ పెట్టారు. ఆయన దాచుకున్న 20 పౌండ్లు, భాగస్వామి ఎర్నెస్ట్ క్లేర్‌మాంట్ తెచ్చిన 50 పౌండ్లు పెట్టుబడి. మొదట్లో కాలింగ్ బెల్లులు, బల్బు హోల్డర్లు చేశారు. తర్వాత డైనమోలు, ఆపైన బరువులెత్తే ఎలక్ట్రిక్ క్రేన్లు. రాయిస్ వస్తువులు ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేస్తాయని పేరొచ్చింది.

కొత్త శతాబ్దం మొదలయ్యేసరికి విదేశాల నుంచి చవక క్రేన్లు వచ్చాయి. ఆర్డర్లు తగ్గాయి. నాణ్యత కాస్త తగ్గించి ధర దించొచ్చు. రాయిస్ అందుకు ఒప్పుకోలేదు. బదులుగా కొత్త దారి వెతికారు. అప్పుడే రోడ్ల మీదికి వస్తున్న మోటారు కార్ల వైపు ఆయన చూపు మళ్లింది.

డెకావిల్ అనే ఫ్రెంచ్ కంపెనీ కారు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆ రోజుల లెక్కలో అది మంచి కారే. కానీ రాయిస్ దాన్ని భాగం భాగంగా పరిశీలించి, ఏది ఇంకా మెరుగ్గా ఉండొచ్చో చూసుకున్నారు. ఇంజన్‌లో మంట పుట్టించే ఏర్పాటు, చల్లబరిచే ఏర్పాటు, గేర్ల మోత... ఒక్కోదానికీ తన పద్ధతి ఆలోచించారు. తానే మూడు కార్లు కట్టాలని నిర్ణయించుకున్నారు. రెండు సిలిండర్లు, 10 హార్స్ పవర్.

1903లో తొలి ఇంజన్ తయారైంది. దాన్ని వెంటనే కారులో బిగించలేదు. ముందు బెంచి మీద బిగించి నడిపి చూశారు. 1904 ఏప్రిల్ 1న మొదటి కారు కుక్ స్ట్రీట్ గేటు దాటి, సుమారు 15 మైళ్ల దూరంలో నట్స్‌ఫర్డ్‌లో ఉన్న రాయిస్ ఇంటికి చేరింది.

ఇంజన్ పరీక్ష అంటే ఏమిటి?

మన పొలాల్లో బోరు మోటారు కొనేటప్పుడు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతాం కదా. కారు ఇంజన్‌కూ మొదటి ప్రశ్న అదే. ఎంత బలం ఇస్తుంది? దీన్ని కొలవడానికి తిరుగుతున్న ఇంజన్ మీద ఒక బ్రేకు వేసి, ఆ బ్రేకును అది ఎంత బలంగా నెడుతోందో, నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూస్తారు. ఈ రెండింటి నుంచి లెక్కకట్టేదే బ్రేక్ హార్స్ పవర్. ఇది సామర్థ్య పరీక్ష.

రెండో ప్రశ్న కష్టమైనది. ఆ బలాన్ని ఎంతకాలం ఇస్తుంది? పది నిమిషాలు బాగా పరుగెత్తిన ఇంజన్ పదోరోజున ఎలా ఉంటుంది? ఎండలో, వానలో, కొండ ఎక్కేటప్పుడు, దుమ్ములో ఎలా ఉంటుంది? ఇది నమ్మకానికి పరీక్ష. దీనికి అడ్డదారి లేదు. నడపాలి, నడుపుతూనే ఉండాలి. ఆ తర్వాత విప్పి చూడాలి.

తొలినాటి కార్లలో చాలావాటికి మొదటి పరీక్షలో మార్కులు బాగానే వచ్చేవి. రెండో పరీక్షలోనే తప్పేవి. కారులో బయల్దేరినవారు గమ్యం చేరతారన్న భరోసా ఉండేది కాదు. రాయిస్ జీవితమంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది.

విరిగిన షాఫ్ట్ నేర్పిన పాఠం

1904 మే 4న మాంచెస్టర్‌లోని మిడ్‌లాండ్ హోటల్‌లో రాయిస్‌ను ఒక యువకుడు కలిశాడు. పేరు చార్లెస్ రోల్స్. జమీందారీ కుటుంబం, కేంబ్రిడ్జ్ చదువు, లండన్‌లో కార్ల వ్యాపారం. ఒకరు ఏడాది బడిచదువు మనిషి, మరొకరు పెద్దింటి బిడ్డ. రాయిస్ కారు నడిపి చూశాక రోల్స్ ఇంకో మాట లేకుండా ఒప్పుకున్నాడు. ఆ కార్లన్నీ తానే అమ్ముతానన్నాడు. 1906 మార్చిలో రోల్స్ రాయిస్ లిమిటెడ్ ఏర్పడింది.

కథ ఇక్కడ నుంచి నున్నగా సాగలేదు. 1905లో రాయిస్ ఆరు సిలిండర్ల 30 హార్స్ పవర్ కారు తెచ్చారు. దాని క్రాంక్‌షాఫ్టులు విరగడం మొదలైంది. పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకునే కదలికను గుండ్రంగా తిప్పే ఇనుప కడ్డీయే క్రాంక్‌షాఫ్ట్. ఆరు సిలిండర్లకు అది పొడవుగా ఉండాలి. పొడవైన కడ్డీకి వరుసగా దెబ్బలు పడుతుంటే, తడిబట్టను పిండినట్టు అది సన్నగా మెలితిరిగి వెనక్కొస్తుంటుంది. ఊయలను సరిగ్గా సమయం చూసి చిన్నగా తోస్తూ పోతే అది ఎంత ఎత్తుకు వెళ్తుందో మీకు తెలుసు. అలాగే ఒక వేగం దగ్గర ఆ మెలిక పెరిగి పెరిగి షాఫ్ట్‌ను విరిచేస్తుంది.

ఆరు సిలిండర్ల ఇంజన్ కట్టిన ఇతర కంపెనీలకూ ఇదే తిప్పలు. రాయిస్ విరిగిన ముక్కలను పారేయలేదు. ఎక్కడ విరిగింది, ఎందుకు అక్కడే విరిగింది అని చూశారు. తర్వాతి ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను మరింత లావు చేశారు. దాన్ని మోయడానికి ఏడు బేరింగులు పెట్టారు. సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మలుగా పోత పోయించారు. షాఫ్ట్ లోపల బోలుగా తొలిచి, ఆ దారిలో ఒత్తిడితో ఆయిల్ ప్రతి బేరింగుకూ చేరేలా చేశారు.

అలా పుట్టిందే 40/50 మోడల్. 7 లీటర్ల ఇంజన్, నిమిషానికి 1,200 చుట్ల దగ్గర సుమారు 48 హార్స్ పవర్. ఇంత పెద్ద ఇంజన్ నుంచి ఇంకా ఎక్కువ బలం పిండుకోవచ్చు. రాయిస్ కావాలనే పిండలేదు. ఆయనకు కావలసింది ఒక్కరోజు మెరుపు కాదు, ఏళ్ల తరబడి నడక.

15,000 మైళ్ల పరీక్ష

1907లో కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక 40/50 కారుకు వెండి రంగు వేయించి, సిల్వర్ ఘోస్ట్ అని పేరు పెట్టాడు. చప్పుడు లేకుండా వెళ్తుంది కాబట్టి ఆ పేరు. దాని నంబర్ ఏఎక్స్ 201. మా కారు మంచిదని చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? అందుకే పరీక్ష పెట్టే పని బయటివారికి అప్పగించారు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులు కారులోనే కూర్చుని ప్రతి ఆగుడునూ రాసుకుంటారు.

ముందు స్కాట్లండ్ కొండదారుల్లో నమ్మకాన్ని పరీక్షించే పోటీ. 629 మైళ్ల దగ్గర కారు ఆగిపోయింది. కుదుపులకు పెట్రోల్ కుళాయి దానంతట అదే మూసుకుంది. తిప్పితే మళ్లీ బయల్దేరింది. చిన్న విషయమే. అయినా పరిశీలకుడి పుస్తకంలో అది ఆగుడుగానే నమోదైంది. కంపెనీ దాన్ని దాచలేదు. పోటీలో సిల్వర్ ఘోస్ట్‌కు బంగారు పతకం వచ్చింది.

అక్కడితో ఆపలేదు. కారును లండన్‌కూ గ్లాస్గోకూ మధ్య రాత్రీపగలూ నడిపారు. ఆదివారాలు మాత్రమే విశ్రాంతి. డ్రైవర్లు మారారు, కారు మారలేదు. రోల్స్, జాన్సన్ కూడా వంతుల ప్రకారం స్టీరింగ్ పట్టారు. ఆ రెండు నగరాల మధ్య 27 సార్లు ప్రయాణించింది. మొత్తం 15,000 మైళ్లు, అంటే 24,000 కిలోమీటర్లకు పైనే. 629వ మైలు తర్వాత మిగిలిన 14,371 మైళ్లలో కారు లోపం వల్ల ఒక్కసారీ ఆగలేదు. అప్పటి రోడ్లూ, అప్పటి టైర్లూ గుర్తుపెట్టుకుంటే ఇది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

ఆ తర్వాత జరిగిందే అసలు పరీక్ష. క్లబ్ ఇంజనీర్లు కారును పూర్తిగా విప్పారు. ఒక్కో భాగాన్నీ కొలిచారు. కొత్తదానిలా చేయాలంటే ఏమేం మార్చాలో జాబితా రాయాలి. ఇంజన్ బేరింగుల్లో, సిలిండర్లలో కొలవదగ్గ అరుగుదల కనిపించలేదు. ముందు చక్రం దగ్గర ఒక పిన్ను, స్టీరింగ్ రాడ్ బాల్, మ్యాగ్నెటోను తిప్పే జాయింట్, ఫ్యాన్ బెల్టు లాంటి చిన్నచిన్నవే జాబితాకు ఎక్కాయి. మార్చాల్సిన భాగాల ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలు. చాసిస్ ధరే దాదాపు 1,000 పౌండ్లున్న కారుకు అంతే ఖర్చు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. 14,371 మైళ్లు ఆగకుండా వెళ్లిందన్న వార్త చాలు, పేపర్లలో పెద్ద అక్షరాలతో వేసుకోవచ్చు. అయినా విప్పి చూపించారు. ఎందుకంటే రాయిస్‌కు మార్కుల కన్నా ఆ జాబితా ముఖ్యం. ఏ పిన్ను అరిగిందో తెలిస్తేనే తర్వాతి కారులో దాన్ని గట్టిగా చేయగలరు.

కొండ ఎక్కలేని రోజు

1911లో నేపియర్ కంపెనీ కారుకు పోటీగా ఒక 40/50 కారు లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా టాప్ గేర్‌లోనే వెళ్లింది. గ్యాలన్‌కు 24.32 మైళ్ల మైలేజీ వచ్చింది. తర్వాత అదే కారు బ్రూక్‌ల్యాండ్స్ ట్రాక్‌పై గంటకు 78.26 మైళ్ల వేగం అందుకుంది. నిదానంగా పొదుపుగా, అవసరమైతే వేగంగా. పేరు మారుమోగింది.

మరుసటి ఏడాదే ఎదురుదెబ్బ. 1912లో ఆల్ప్స్ పర్వతాల్లో జరిగే పోటీకి జేమ్స్ రాడ్లీ అనే ఆయన తన సొంత రోల్స్ రాయిస్ కారుతో వెళ్లాడు. ఆస్ట్రియాలోని కాట్ష్‌బర్గ్ కనుమ దగ్గర కారు ఎక్కలేక ఆగిపోయింది. ఇంజన్ తప్పేమీ లేదు. గేర్‌బాక్స్‌లో మూడే గేర్లున్నాయి. అంత నిటారు దారికి మొదటి గేరు చాల్లేదు.

ఆ డ్రైవరుకు నడపడం రాదని తోసేయొచ్చు. ఆ కనుమే విచిత్రమైనదని సర్దిచెప్పుకోవచ్చు. కంపెనీ అలా చేయలేదు. ఎర్నెస్ట్ హైవ్స్ బృందం కార్లను తీసుకుని అదే ఆల్ప్స్ దారులకు వెళ్లి పరీక్షించింది. నాలుగు గేర్ల బాక్సు వచ్చింది. ఇంజన్‌ను చల్లబరిచే ఏర్పాటు మెరుగైంది. 1913లో అదే పోటీలో రోల్స్ రాయిస్ కార్లు అందరినీ ఆశ్చర్యపరిచాయి. నిరుడు ఆగిన రాడ్లీ కూడా వాళ్లతో పాటు ఉన్నాడు.

డెర్బీ ఫ్యాక్టరీలో కార్లను కావాలని కుదిపి చూసే యంత్రం కూడా పెట్టారు. ఎగుడుదిగుడు చక్రాలపై కారు చాసిస్‌ను నిలబెట్టి దడదడలాడిస్తారు. గతుకుల రోడ్డుపై నెలల్లో బయటపడే లోపం అక్కడ కాసేపట్లోనే బయటపడుతుంది. కొన్నవాళ్ల చేతిలో విరగడం కన్నా మన దగ్గరే విరగడం మేలన్నది రాయిస్ లెక్క.

తనకు తాను పెట్టుకోని పరీక్ష

ఇప్పుడు జాగ్రత్తపడాల్సిన విషయం. బేరింగుకు ఆయిల్ అందుతోందా అని అంతగా చూసిన మనిషి, తన ఒంటికి తిండి అందుతోందా అని చూసుకోలేదు. కుక్ స్ట్రీట్ రోజుల్లో పనిలో పడితే భోజనం మరిచేవారు. పాల గ్లాసు పట్టుకుని ఒక కుర్రాడు ఆయన వెంట తిరగాల్సి వచ్చేదని చెబుతారు. ఇంటికెళ్లాక కూడా రాత్రిపూట కరెంటు దీపాలు పెట్టుకుని తోటపని చేసేవారు. తనలాగే పక్కవాళ్లూ పనిచేయాలని ఆశించేవారు. అది వాళ్లకూ కష్టమే.

1902 ప్రాంతంలోనే ఆరోగ్యం హెచ్చరించింది. పట్టించుకోలేదు. 1910లో విమాన ప్రమాదంలో చార్లెస్ రోల్స్ చనిపోయాడు. వయసు 32. మరుసటి ఏడాది రాయిస్ కుప్పకూలారు. 1912లో పెద్ద ఆపరేషన్ జరిగింది. ఎక్కువ కాలం బతకరని డాక్టర్లు అన్నారు. అప్పటికి ఆయనకు 49 ఏళ్లు.

ఆయన ఇంకో 21 ఏళ్లు బతికారు. ఈథెల్ ఆబిన్ అనే నర్సు చివరిదాకా కనిపెట్టుకుని ఉంది. చలికాలం ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని లె కనడెల్‌లో, మిగతా కాలం ఇంగ్లండ్ సముద్రతీరంలో. తిండికి, నిద్రకు వేళలు వచ్చాయి. ఫ్యాక్టరీకి వెళ్లడం దాదాపు మానేశారు. డ్రాయింగులు ఆయన దగ్గరికే వచ్చేవి, ఆయన ఉత్తరాలు డెర్బీకి వెళ్లేవి. కొత్త మోడల్ కార్లను ఫ్రాన్స్ రోడ్లపై 10,000 మైళ్లు నడిపి, విప్పి చూసి, అప్పుడే అమ్మకానికి పంపే పద్ధతి అక్కడ స్థిరపడింది.

ఒక విషయం గమనించండి. ఆయన పేరు నిలిపిన విమాన ఇంజన్లన్నీ ఆపరేషన్ తర్వాత, వేళకు తిని వేళకు పడుకున్న ఈ 21 ఏళ్లలోనే వచ్చాయి. నిద్ర మాని పనిచేసినందుకే గొప్పవాడయ్యాడని మన పిల్లలకు చెప్పడం తేలిక. ఆయన జీవితం మాత్రం అలా చెప్పడం లేదు.

గంటసేపు నిలవాలి

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక విమాన ఇంజన్ కావాలని ప్రభుత్వం కోరింది. రాయిస్ 12 సిలిండర్ల ఈగిల్ ఇంజన్ రూపొందించారు. 1915లో 225 హార్స్ పవర్‌తో మొదలైన ఆ ఇంజన్, యుద్ధం ముగిసేసరికి 360కి చేరింది. ఒక్కసారిగా పెంచింది కాదు. డెర్బీలో నడిపి, ఏ భాగం ముందు విరుగుతుందో చూసి, దాన్ని గట్టిచేసి, మళ్లీ నడిపి... మెట్టు మెట్టుగా పెంచింది. 1919 జూన్‌లో ఆల్కాక్, బ్రౌన్ అనే ఇద్దరు ఎక్కడా ఆగకుండా అట్లాంటిక్ సముద్రం దాటిన తొలి విమానానికి ఉన్నవి రెండు ఈగిల్ ఇంజన్లే. సుమారు 16 గంటల ప్రయాణం. కింద నీళ్లు తప్ప ఏమీ లేవు. నమ్మకం అనే మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది.

1931లో ష్నైడర్ ట్రోఫీ విమానాల పందెం కోసం ఆర్ ఇంజన్‌ను సిద్ధం చేశారు. 1929లో దాని బలం సుమారు 1,900 హార్స్ పవర్. ఈసారి 2,350 కావాలి. షరతు ఏమిటంటే ఆ బలంతో పూర్తిగా గంటసేపు బెంచి మీద నిలవాలి. గాలి కోసం వేరే విమాన ఇంజన్లతో తిరిగే పెద్ద ఫ్యాన్లు పెట్టారు. ఇంజన్ మొదట్లో గంట నిలవలేదు. ఒకసారి ఒక భాగం, ఇంకోసారి ఇంకో భాగం విరిగాయి. విరిగిన ప్రతిసారీ ఆ భాగాన్నే మళ్లీ రూపొందించారు. పందెం దగ్గరపడ్డాక చివరికి గంట పూర్తిచేసింది. సెప్టెంబరులో ఆ ఇంజన్‌తో ఎగిరిన విమానం గంటకు 400 మైళ్ల వేగం దాటి ప్రపంచ రికార్డు సాధించింది.

1930లో రాయిస్‌కు ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది. 1933 ఏప్రిల్ 22న, 70 ఏళ్ల వయసులో వెస్ట్ విట్టరింగ్‌లోని ఇంట్లో కన్నుమూశారు. చివరి రోజుల్లో మంచం మీదే కారు షాక్ అబ్జార్బర్ కోసం ఒక స్కెచ్ గీశారని చెబుతారు.

మన హైదరాబాద్‌లో ఆ ఇంజన్

ఈ కథకు మనకూ ఒక చుట్టరికం ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఒక సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరిచ్చారు. వెనుక సీటు సింహాసనంలా ఉంటుంది. కారు చేతికి రాకముందే 1911లో ఆయన మరణించారు. పసుపు రంగులో ఉండే ఆ కారు ఏడో నిజాం కాలంలో ఎక్కువగా షెడ్డులోనే గడిపింది. దాన్ని బాగుచేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. 15,000 మైళ్లు నడిచిన కారుకూ దీనికీ మోడల్ ఒకటే. కాకపోతే ఇది నడిచింది చాలా తక్కువ.

నడవని ఇంజన్‌కూ పరీక్ష కావాలి. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న ఇంజన్‌లో సీళ్లు ఎండిపోతాయి, సిలిండర్లు తుప్పు పడతాయి. పాత కార్లు బాగుచేసే మెకానిక్కులు అలాంటి ఇంజన్‌ను వెంటనే స్టార్ట్ చేయరు. ముందు చేత్తో మెల్లగా తిప్పి చూస్తారు. ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలుస్తారు. ఆయిల్ ఒత్తిడి చూస్తారు. ఏది బలహీనంగా ఉందో తెలిశాకే రోడ్డెక్కిస్తారు. వందేళ్ల నాటి ఇంజన్‌కు అంత ఓపిక చూపిస్తారు.

వచ్చే సెలవుల్లో పిల్లలను చౌమహల్లాకు తీసుకెళ్తే ఆ కారు ముందు ఈ కథ చెప్పండి. వెండి రంగు, పసుపు రంగు, మహారాజుల ముచ్చట్లు వాళ్లే చూసుకుంటారు. మీరు 629వ మైలు దగ్గర మూసుకున్న కుళాయి గురించి చెప్పండి. దాన్ని దాచకుండా రాసుకున్నారని చెప్పండి. అంతా అయ్యాక కారు విప్పి, అరిగిన పిన్నుల జాబితా రాశారని చెప్పండి. తర్వాతి టెస్ట్ పేపర్ ఇంటికొచ్చినప్పుడు, పైనున్న మార్కులు చూశాక, మీరూ మీ బిడ్డా కలిసి కూర్చుని అలాంటి జాబితా ఒకటి రాయండి. చాలాసార్లు అది మీరు భయపడినంత పొడవు ఉండదు. రాయడం అయ్యాక మాత్రం వాళ్లను వేళకు పడుకోనివ్వండి.